చైన్ సా పిస్టన్ పరీక్ష: తరచుగా అడిగే ప్రశ్నలు

చెట్లు కోసే మిషను రిపేరుకు వస్తే ముందు ప్లగ్ మారుస్తారు, తర్వాత కార్బొరేటర్ విప్పుతారు. పిస్టన్ సంగతి గుర్తొచ్చేది అన్నీ అయిపోయాక, మిషను ఇక స్టార్ట్ కానని మొండికేశాక. ఈ వరస మారాలి. పిస్టన్ మీద గీత ఏ వైపు పడింది, ఏ రంగులో ఉంది అన్నది చూస్తే జబ్బు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది. అది చూడకుండా కొత్త పిస్టన్ వేస్తే, పాతదాన్ని చంపిన కారణమే కొత్తదాన్నీ చంపుతుంది. సరుగుడు, జామాయిల్ తోటల్లో కూలికి కోసేవాళ్ళూ, కొబ్బరి తోటలున్న రైతులూ, ఊళ్ళో చిన్న రిపేరు షాపు నడిపేవాళ్ళూ ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి.

పిస్టన్ చూడాలంటే ఇంజను మొత్తం విప్పాలా?

అక్కర్లేదు. సైలెన్సర్ విప్పితే చాలు, పావుగంట పని.

ముందు ఇంజను పూర్తిగా చల్లారనివ్వండి. ప్లగ్ క్యాప్ ఊడదీయండి. బారు, చైను తీసి పక్కన పెట్టండి. మిషను మీద పేరుకున్న రంపపు పొట్టు, నూనె జిడ్డు బ్రష్షుతో శుభ్రం చేశాకే సైలెన్సర్ ముట్టుకోండి. పోర్టు, అంటే సిలిండర్ గోడలో పొగ బయటికి పోయే రంధ్రం, తెరిచాక లోపలికి జారిన ఒక్క ఇసుక రేణువు కూడా గీత పెడుతుంది. స్టిల్ మిషన్లకు ఎక్కువగా టీ27 టార్క్స్ కీ కావాలి, మిగతావాటికి చాలావరకు అలెన్ కీలు సరిపోతాయి. స్క్రూ తల అరిగిపోయి ఉంటే బలవంతం చేయకుండా తుప్పు వదిలే స్ప్రే కొట్టి కాసేపు ఆగండి.

ఇప్పుడు ప్లగ్ కూడా తీసి, స్టార్టర్ తాడు మెల్లగా లాగుతూ పోర్టులోకి టార్చి వేసి చూడండి. పిస్టన్ అడుగుకు దిగినప్పుడు ఎదుటి సిలిండర్ గోడ కనిపిస్తుంది. పైకి వస్తుంటే ముందు పిస్టన్ తల అంచు, తర్వాత రింగులు, ఆ తర్వాత స్కర్టు అనే పక్క భాగం పోర్టు ముందు నుంచి దాటిపోతాయి. రింగు ఎదురుగా వచ్చినప్పుడు ఆపి, సన్నని చెక్కపుల్లతో నొక్కండి. నొక్కితే లోపలికి పోయి, వదిలితే బయటికి రావాలి. కదలకపోతే రింగు గాడిలో ఇరుక్కుపోయినట్టే. స్క్రూడ్రైవర్‌తో మాత్రం నొక్కొద్దు.

కార్బొరేటర్ కూడా విప్పితే రెండో వైపు, అంటే ఇన్‌టేక్ వైపు స్కర్టు కనిపిస్తుంది. రెండు వైపులా చూస్తేనే పరీక్ష పూర్తయినట్టు. చాలామంది సైలెన్సర్ వైపు చూసి "బాగానే ఉంది" అనేస్తారు. దుమ్ము తిన్న పిస్టన్ అక్కడే తప్పించుకుంటుంది.

ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి. వచ్చే సర్వీసులో పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది.

ఎప్పుడెప్పుడు చూడాలి?

రోజూ కోసే మిషనుకు సర్వీసు చేసిన ప్రతిసారీ. ఇంట్లో అప్పుడప్పుడు వాడేదానికి ఏడాదికి ఒకసారి చాలు. సెకండ్ హ్యాండ్ మిషను కొంటుంటే డబ్బు ఇచ్చే ముందే చూడాలి. అమ్మేవాళ్ళు సైలెన్సర్ విప్పనివ్వకపోతే ఆ మిషను వదిలేయడం మేలు.

పవర్ తగ్గడం, వేడెక్కగానే ఆగిపోవడం, తాడు లాగితే ఎదురు లేకుండా తేలిగ్గా వచ్చేయడం, ఐడ్లింగ్ ఒక దగ్గర నిలవకపోవడం... వీటిలో ఏది కనిపించినా కార్బొరేటర్ స్క్రూలు తిప్పడం మొదలుపెట్టకుండా ముందు సైలెన్సర్ విప్పండి.

మంచి పిస్టన్ ఎలా ఉంటుంది?

కొత్త పిస్టన్ స్కర్టు మీద అడ్డంగా సన్నని గీతలుంటాయి. అవి ఫ్యాక్టరీలో మెషినింగ్ చేసినప్పుడు పడ్డవి, ఆయిల్ నిలబడటానికి పనికొస్తాయి. వాటిని చూసి కంగారుపడొద్దు. ఎన్నాళ్ళు వాడినా ఆ అడ్డగీతలు కనిపిస్తుంటే పిస్టన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. మీరు వెతకాల్సింది నిలువు గీతల కోసం. నిలువు గీత అంటే ఏదో ఒకటి రాసుకుపోయిందని అర్థం.

సన్నగా, గోరుకు తగలని ఒకటి రెండు నిలువు గీతలు పనిచేసిన మిషనులో ఉండొచ్చు, వాటిని గమనిస్తూ ఉంటే చాలు. గోరు అడ్డంగా లాగితే తట్టుకుంటోందంటే మాత్రం విప్పాల్సిందే.

పిస్టన్ తల మీద లేత గోధుమ నుంచి ముదురు గోధుమ రంగు కార్బన్ పల్చగా ఉండటం మామూలే. పెట్రోల్, గాలి కలిసిన మిశ్రమం లోపలికి వచ్చే పోర్టుల దగ్గర కొంతమేర కార్బన్ కడుక్కుపోయి లోహం కనిపిస్తుంది. అదీ మంచిదే.

సైలెన్సర్ వైపు నిలువు గీతలున్నాయి. ఎందుకు పడతాయి?

ఎక్కువ మిషన్లు చచ్చేది ఇలాగే.

ఈ మిషన్లలోని టూ స్ట్రోక్ ఇంజనుకు విడిగా ఆయిల్ పంపు లేదు. పిస్టన్‌కు అందే ఆయిలంతా పెట్రోల్‌తో కలిసి రావాలి. పెట్రోల్ తగ్గితే ఆయిలూ తగ్గుతుంది, పైగా మంట వేడి పెరుగుతుంది. రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. కాలిన వాయువులు బయటికి పోయేది సైలెన్సర్ వైపు నుంచి కాబట్టి పిస్టన్‌లో అన్నిటికంటే వేడెక్కేది ఆ వైపే. ఇన్‌టేక్ వైపుకు కొత్తగా వచ్చే చల్లని మిశ్రమం తగులుతుంది, సైలెన్సర్ వైపుకు ఆ సుఖం లేదు. అక్కడ ఆయిల్ పొర కాలిపోతుంది, అల్యూమినియం ఉబ్బుతుంది, సిలిండర్ గోడకు రాసుకుని కొంత గోడకే అతుక్కుంటుంది. ఫుల్ రేసులో ఈ ఇంజన్లు నిమిషానికి 13,000 చుట్ల దాకా తిరుగుతాయి. అంటే సెకనుకు 200కు పైగా సార్లు పిస్టన్ పైకీ కిందికీ వెళ్ళొస్తుంది. పాడవడానికి కొన్ని సెకన్లు చాలు.

మిశ్రమం పల్చబడటానికి, అంటే గాలికి తగ్గ పెట్రోల్ అందకపోవడానికి, కారణాలు చాలా ఉన్నాయి. ట్యాంకులోని ఫిల్టరు మూసుకుపోవడం, పెట్రోల్ పైపు పగలడం, ట్యాంకు గాలి రంధ్రం మూసుకోవడం, కార్బొరేటర్ జాలీలో చెత్త చేరడం, హెచ్ స్క్రూ (ఫుల్ రేసులో వచ్చే పెట్రోల్‌ను సర్దే కార్బొరేటర్ స్క్రూ) ఎక్కువ మూసేయడం ఒక రకం. ఇవి పెట్రోల్ రాకను తగ్గిస్తాయి. రెండో రకం, ఎక్కడినుంచో దొంగగాలి లోపలికి రావడం: కార్బొరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య ఉండే రబ్బరు బూటు చిరగడం, క్రాంక్ ఆయిల్ సీళ్ళు ఎండిపోవడం, ప్యాకింగ్ లీకవడం. రేసు వదిలాక కూడా ఇంజను వెంటనే దిగకుండా కాసేపు గీపెడుతుంటే, మిషను పక్కకు వంచితే ఐడ్లింగ్ మారిపోతుంటే దొంగగాలిని అనుమానించండి.

ఇక్కడ అందరూ చేసే పని ఒకటుంది. గాలి లీకు వల్ల ఐడ్లింగ్ పెరిగితే స్క్రూడ్రైవర్ తీసి స్క్రూలు తిప్పి సర్దేస్తారు. శబ్దం సరిపోతుంది, లీకు అలాగే ఉంటుంది, ఇంకొంచెం పెరుగుతుంది. వారం తిరక్కముందే పిస్టన్ పట్టేస్తుంది.

ఇన్‌టేక్ వైపు స్కర్టు మసకగా, సన్నసన్నగా గీసుకుపోయి ఉంది. అదేమిటి?

దుమ్ము. ఎయిర్ ఫిల్టర్ చిరిగింది, లేదా సరిగ్గా కూర్చోలేదు, లేదా ఫిల్టర్ లేకుండానే నడిపారు. ఇన్‌టేక్ వైపు మెషినింగ్ గీతలు అరిగిపోయి, ఆ చోటు ఎమెరీ పేపరుతో రుద్దినట్టు బూడిద రంగుకు తిరుగుతుంది. కార్బొరేటర్ నోట్లో వేలు పెట్టి తుడిస్తే సన్నని పొడి తగిలితే ఇక సందేహం అక్కర్లేదు.

దీని మూలం చాలాసార్లు చైను దగ్గరుంటుంది. పదునున్న చైను పెచ్చులు పెచ్చులుగా కోస్తుంది. మొద్దుబారిన చైను పిండిలాంటి పొడి చేస్తుంది. ఆ పొడి ఫిల్టర్‌ను తొందరగా మూసేస్తుంది, చిన్న సందు దొరికినా లోపలికి దూరుతుంది, కూలింగ్ రెక్కల మధ్యా పేరుకుంటుంది. పైగా చైను కోయట్లేదని మనిషి మిషను మీద బరువేసి నొక్కుతాడు. తాటి, కొబ్బరి మొద్దులు పదును త్వరగా తీసేస్తాయి కాబట్టి ఆ పని చేసేవాళ్ళకు ఈ జబ్బు ఎక్కువ. పెట్రోల్ నింపిన ప్రతిసారీ ఆకురాయితో రెండు మూడు రుద్దులు రుద్దడం పిస్టన్‌కు చేసే సేవే అని నేను గట్టిగా నమ్ముతాను.

తుపాను తర్వాత రోజుల్లో ఇది మరీ ఎక్కువ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడూ, 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం కొబ్బరి తోటలను కూల్చినప్పుడూ రోడ్లకు అడ్డంగా పడ్డ చెట్లకు లెక్కలేదు. అలాంటి సమయంలో మట్టీ ఇసుకా అంటుకున్న మొద్దుల్ని పొద్దస్తమానం కోయక తప్పదు. మనుషుల్ని కాపాడే పని కాబట్టి మిషనుకు విశ్రాంతి ఇవ్వలేం. కానీ శుభ్రమైన ఇంకో ఫిల్టర్ కవరులో పెట్టి దగ్గరుంచుకోవచ్చు, మధ్యాహ్నం అన్నానికి ఆగినప్పుడు మార్చేయొచ్చు.

చుట్టూ నాలుగు వైపులా గీతలుంటే?

ఆయిల్ కలపని పెట్రోల్ పోశారు. ఇంట్లో రెండు డబ్బాలుంటే, బైకు పెట్రోల్ డబ్బా మిషనులోకి వెళ్ళిపోవడం మామూలే. స్కర్టు మొత్తం చింపేసినట్టు ఉంటుంది, కార్బన్ పెద్దగా కనిపించదు. ట్యాంకులోని పెట్రోల్ ఒక చుక్క తెల్లకాగితం మీద వేసి ఆరనివ్వండి. ఆయిల్ కలిసి ఉంటే జిడ్డు మరక మిగులుతుంది, లేకపోతే ఏమీ మిగలదు. మిశ్రమం డబ్బాకు ఎర్ర రంగు వేసి, పేరు రాసి విడిగా పెట్టుకోండి.

స్కర్టు మీద నాలుగు చోట్ల మాత్రమే, సమానంగా గీతలుంటే అది మితిమీరిన వేడి. సిలిండర్ రెక్కల మధ్య పొట్టు నిండిందేమో, స్టార్టర్ కవరు జల్లెడ మూసుకుందేమో చూడండి.

పిస్టన్ తల మీద గుంటలు, చుక్కలు కనిపిస్తున్నాయి.

ప్లగ్ రంధ్రంలోంచి టార్చి వేస్తే తల బాగా కనిపిస్తుంది. అంచు దగ్గర చీమలు తిన్నట్టు సన్నని గుంటలుంటే మిశ్రమం సమయానికి ముందే పేలుతోందని అర్థం. పల్చటి మిశ్రమం, పాత పెట్రోల్, వేడెక్కువైన ప్లగ్ దీనికి కారణాలు. వదిలేస్తే తలలో బొక్క పడుతుంది. తల మీద, సిలిండర్ పైకప్పులో పెద్ద గుచ్చులు, దెబ్బలు కనిపిస్తే ఏదో లోహపు ముక్క లోపల తిరిగిందన్నమాట: విరిగిన రింగు, ఊడిన సర్‌క్లిప్ (పిస్టన్ పిన్ను జారకుండా పట్టి ఉంచే తీగ చుట్ట), లేదా చితికిన బేరింగ్ సూదులు. అప్పుడు క్రాంక్ పెట్టె పూర్తిగా విప్పి కడగకుండా కొత్త పిస్టన్ వేయడం డబ్బు దండగ.

నల్లగా తడితడిగా ఉంటే మిశ్రమం చిక్కగా ఉంది. ఇది అంత ప్రమాదం కాదు, ఫిల్టర్ కడిగి కార్బొరేటర్ సర్దితే పోతుంది.

కంప్రెషన్ గేజీ ఉంటే పిస్టన్ చూడక్కర్లేదా?

రెండూ కావాలి. గీతలు పడ్డ పిస్టన్ కూడా రింగు బాగుంటే మంచి కంప్రెషన్ చూపిస్తుంది. గేజీని మాత్రమే నమ్మి "ఇంజను సూపర్" అని అమ్మిన మిషన్లు ఎన్నో ఉన్నాయి.

కొలిచే పద్ధతి: ప్లగ్ తీసి గేజీ బిగించండి, స్విచ్ ఆఫ్‌లో ఉంచండి, చోక్ తెరిచి, ఎక్సలేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు పెరగడం ఆగేదాకా తాడు లాగండి. డీకంప్రెషన్ వాల్వు (తాడు తేలిగ్గా లాగడానికి ఒత్తిడి వదిలే బటన్) ఉంటే అది మూసి ఉండాలి. సాధారణంగా 130 నుంచి 160 పీఎస్ఐ ఒత్తిడి వస్తే బాగున్నట్టు. 110 కిందికి దిగితే పవర్ తగ్గడం తెలుస్తుంది, 90 కింద స్టార్ట్ అవడమే కష్టం. సిలిండర్‌లో ఆయిల్ ఎక్కువ పడి ఉంటే అంకె లేనిపోని గొప్పగా వస్తుంది, అందుకని ప్లగ్ రంధ్రంలో ఆయిల్ పోసి కొలిచింది లెక్కలోకి తీసుకోకండి.

రింగు ఒక్కటి మారిస్తే సరిపోదా?

పిస్టన్ స్కర్టు శుభ్రంగా ఉండి, గాడి అరగకుండా ఉంటే సరిపోతుంది. రింగు తీసి, పిస్టన్ లేకుండా ఒక్క రింగునే సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో కొంచెం లోపలికి నెట్టండి. అలా నెడితే రింగు వంకర లేకుండా కూర్చుంటుంది. పోర్టులు లేని చోట రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజీతో కొలవండి. హస్క్‌వర్నా వర్క్‌షాప్ పుస్తకాల్లో గరిష్ఠ హద్దు 1 మిల్లీమీటరు. దాన్ని దాటితే రింగు పని అయిపోయినట్టు.

కొత్త రింగు పెట్టే ముందు గాడిలోని కార్బన్ తీయాలి. పాత రింగును విరిచి, ఆ ముక్క కొసతోనే గీకితే గాడి కొలతకు సరిపోతుంది.

సిలిండర్‌ను లేతుకిచ్చి బోరింగ్ చేయించి పెద్ద పిస్టన్ వేయించొచ్చా?

వీల్లేదు. ఇది మన దగ్గర అందరికీ వచ్చే ఆలోచన, ఎందుకంటే ఆర్‌ఎక్స్ 100 లాంటి పాత టూ స్ట్రోక్ బళ్ళకు బోరింగ్ కొట్టించి ఓవర్‌సైజు పిస్టన్ వేయడం ఏ ఊళ్ళోనైనా చేశారు. ఆ బళ్ళ సిలిండర్ లోపల పోతఇనుప స్లీవు ఉంటుంది. ఎంతో కొంత తరిగినా కింద ఇనుమే ఉంటుంది.

చైన్ సా సిలిండర్ మొత్తం అల్యూమినియం. బరువు తగ్గడానికి స్లీవు పెట్టరు. లోపలి గోడకు నికసిల్ (నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన) పూతో, గట్టి క్రోమ్ పూతో ఉంటుంది, అది ఒక మిల్లీమీటరులో పదో వంతు లెక్కలో ఉండే పల్చటి పొర. లేతు మీద పెడితే ఆ పొర పోయి మెత్తటి అల్యూమినియం బయటపడుతుంది. అల్యూమినియం గోడకు అల్యూమినియం పిస్టన్ రాసుకుంటే నిమిషాల్లో పట్టేస్తుంది. ఓవర్‌సైజు పిస్టన్లు మార్కెట్లో దొరకకపోవడానికి కారణం ఇదే.

అయితే గీతలు కనిపించిన ప్రతి సిలిండరూ పారేయాల్సింది కాదు. చాలాసార్లు గోడ మీద కనిపించేది గీత కాదు, పిస్టన్ నుంచి ఊడి అతుక్కున్న అల్యూమినియం. పూత దానికంటే ఎంతో గట్టిది. సన్నని ఎమెరీ పేపరును వేలికి చుట్టి, అతుక్కున్న చోట మాత్రమే, ఓపిగ్గా అడ్డంగా రుద్దుతూ పోతే అల్యూమినియం ఊడి కింద పూత మెరుస్తుంది. అప్పుడు గోరు లాగి చూడండి. నున్నగా జారితే సిలిండర్ బతికింది. గోరు తట్టుకుంటే, లేదా పూత లేచిపోయి తెల్లటి మెత్తటి లోహం కనిపిస్తే కొత్త సిలిండర్ తప్పదు.

యాసిడ్ పోసి అల్యూమినియం కరిగించే చిట్కా ఒకటి తిరుగుతోంది. నేను వద్దంటాను. బాత్‌రూమ్ యాసిడ్ క్రోమ్ పూతను కూడా తింటుంది, దాని ఆవిరికి పక్కనున్న ఇనుప భాగాలన్నీ తుప్పు పడతాయి, పూత ఊడిన చోట సిలిండర్‌కే గుంట పడుతుంది. మీ మిషనుది నికసిలో క్రోమో బయటినుంచి చూసి చెప్పడం కష్టం. ఎమెరీతో గంట పట్టినా నష్టం లేదు.

పిస్టన్ మీద గీతలు తుడిచి మళ్ళీ వేసుకోవచ్చా?

గీతలు తేలిగ్గా ఉండి, రింగు గాడిలో స్వేచ్ఛగా తిరుగుతుంటే, లేచిన అంచుల్ని సన్నని ఎమెరీతో సమం చేసి ఇంటి వాడకానికి వేసుకోవచ్చు. కూలికి కోసే మిషనుకు మాత్రం వద్దు. రింగు పైన గాడి అంచు కరిగి రింగును మూసేసి ఉంటే పిస్టన్ పారేయండి.

సిలిండర్ తీయడం ఎంత కష్టం?

మోడల్‌ను బట్టి. స్టిల్ ఎంఎస్ 381, హస్క్‌వర్నా 372 లాంటి పెద్ద మిషన్లలో సిలిండర్ నాలుగు స్క్రూల మీద కూర్చుంటుంది, విప్పి పైకి లాగితే వచ్చేస్తుంది. ఎంఎస్ 180, ఎంఎస్ 250 లాంటి చిన్నవాటిలో క్రాంక్ పెట్టెలో సగం సిలిండర్‌తో కలిసే ఉంటుంది, అందుకని ఇంజను మొత్తం బయటికి తీయాలి. అవి మళ్ళీ బిగించేటప్పుడు రెండు సగాల మధ్య పెట్రోల్ తట్టుకునే సీలెంట్ పల్చగా, ఎక్కడా తెగకుండా పూయాలి. దొంగగాలికి ఇక్కడో దారి తయారవకుండా చూసుకోండి. మామూలు గోంద్ లాంటి ప్యాకింగ్ పేస్టు పెట్రోల్‌కు కరిగిపోతుంది.

సిలిండర్ తీశాక క్రాంక్ నోరు శుభ్రమైన గుడ్డతో మూసి ఉంచండి. కనెక్టింగ్ రాడ్‌ను పట్టుకుని నిలువుగా పైకీ కిందికీ కదపండి. అలా ఆట ఉండకూడదు. పక్కలకు కొంచెం కదలడం మామూలే. నిలువుగా టకటకమంటే కింది బేరింగ్ పోయింది, ఇక ఖర్చు లెక్క వేరు. చవక మిషనైతే అక్కడితో ఆపేయమనే చెబుతాను.

కొత్త పిస్టన్ బిగించేటప్పుడు ఏవి మరిచిపోకూడదు?

ముందు కొలత. ఎంఎస్ 250కి 42.5 మిల్లీమీటర్లు, మార్కెట్లో 58 సీసీ పేరుతో దొరికే చైనా మిషన్లకు సాధారణంగా 45.2 మిల్లీమీటర్లు. చూపుకు ఒకేలా ఉండే పిస్టన్లలో అర మిల్లీమీటరు తేడా ఉంటుంది, గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపేది) మందం, ఎత్తు కూడా వేరుగా ఉండొచ్చు. పాతది పక్కన పెట్టి కాలిపర్‌తో కొలవండి.

పిస్టన్ తల మీది బాణం గుర్తు సైలెన్సర్ వైపు ఉండాలి. తిరగేసి వేస్తే రింగు కొసలు పోర్టు దగ్గరికొచ్చి, అందులో ఇరుక్కుని విరుగుతాయి. గాడిలో ఒక చిన్న పిన్ను ఉంటుంది, రింగు రెండు కొసలూ దానికి అటూ ఇటూ కూర్చోవాలి. పిన్ను మీదికెక్కి ఉంటే సిలిండర్ దిగదు. అప్పుడు నెట్టారో, రింగు విరుగుతుంది.

సర్‌క్లిప్‌లు ప్రతిసారీ కొత్తవే వేయండి. పాతది మళ్ళీ వేస్తే మిగిలేది కొద్ది రూపాయలు, ఊడితే పోయేది సిలిండర్. క్లిప్ తెరిచిన వైపు నిట్టనిలువుగా పైకి గానీ కిందికి గానీ ఉండాలి, పక్కకు ఉండకూడదు. బిగించాక క్లిప్ తన గాడిలో పూర్తిగా కూర్చుందో లేదో వేలితో తిప్పి చూడండి. ఎగిరి కంట్లో పడే వస్తువు, అద్దాలు పెట్టుకోండి.

గడ్జన్ పిన్ను బేరింగ్ నీలం రంగుకు తిరిగి ఉంటే అదీ మార్చండి. పిస్టన్‌కు, గోడకు టూ స్ట్రోక్ ఆయిల్ రాసి, రింగులను వేళ్ళతో నొక్కిపట్టి సిలిండర్‌ను తిన్నగా దింపండి. మెలితిప్పకండి, రింగు కొస పోర్టులోకి జారుతుంది.

డూప్లికేట్ కిట్ల గురించి కూడా అడుగుతుంటారు. వాటిలో బాగా పనిచేసేవీ ఉన్నాయి. కానీ సిలిండర్ పోర్టుల అంచులు పదునుగా వదిలేసి ఉంటే రింగు నాలుగు రోజుల్లో అరిగిపోతుంది. వేలితో తడిమి చూడండి, కోసుకుపోయేట్టు ఉంటే తిరిగి ఇచ్చేయండి. డబ్బు పెట్టగలిగితే నేను కంపెనీ పిస్టన్‌కే ఓటేస్తాను, ముఖ్యంగా రోజూ కోసే మిషనుకు.

కొత్త పిస్టన్ వేశాం, నెలలోపే మళ్ళీ పట్టేసింది. పిస్టన్ నాసిరకమా?

కావచ్చు, కానీ ముందు గాలి లీకు పరీక్ష చేశారా? ఎక్కువ షాపుల్లో జరగనిది ఇదే.

సైలెన్సర్ కింద పాత ట్యూబు రబ్బరు ముక్క పెట్టి బిగించి పోర్టు మూయండి. ఇన్‌టేక్ వైపూ మూసేయండి. పిస్టన్‌ను పైకి తెచ్చి, ఇంపల్స్ రంధ్రం (క్రాంక్ పెట్టె ఒత్తిడిని కార్బొరేటర్‌కు చేరవేసే దారి) నుంచి చేతిపంపుతో 0.5 బార్ గాలి ఎక్కించండి. ముల్లు కనీసం 20 సెకన్లు కదలకుండా నిలవాలి. పడిపోతుంటే సబ్బు నీళ్ళు పూసి ఎక్కడ బుడగలొస్తున్నాయో చూడండి. ఆ తర్వాత అదే పంపుతో గాలి బయటికి లాగి కూడా పరీక్షించాలి. అరిగిన ఆయిల్ సీలు లోపలినుంచి ఒత్తితే క్రాంకుకు అంటుకుని ఆగుతుంది, లాగితే మాత్రం గాలి వదిలేస్తుంది. ఇంజను నడిచేటప్పుడు రెండూ జరుగుతాయి కాబట్టి ఒక్క పరీక్ష చాలదు.

లీకు లేకపోతే పెట్రోల్ దారి చూడండి: ట్యాంకు ఫిల్టరు, పైపు, కార్బొరేటర్ డయాఫ్రమ్. పైపును వంచి చూస్తేనే పగుళ్ళు కనిపిస్తాయి. పిస్టన్ మార్చినప్పుడే పైపు, ఫిల్టరు, ఇన్‌టేక్ బూటు, రెండు ఆయిల్ సీళ్ళు మార్చేయడం మంచి అలవాటు. వాటన్నిటి ఖర్చూ కలిపినా రెండోసారి పిస్టన్, సిలిండర్ వేయడం కంటే తక్కువే.

ఆయిల్ ఎంత కలపాలి? ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌తో ఇబ్బందా?

50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. స్టిల్ సొంత ఆయిల్‌తో 50:1 చెబుతుంది, చైనా మిషన్ల పుస్తకాల్లో ఎక్కువగా 25:1 ఉంటుంది. కొలత సీసా వాడండి, మూతతో అంచనా వద్దు. జాసో (జపాన్ ప్రమాణం) ఎఫ్‌డీ గ్రేడు టూ స్ట్రోక్ ఆయిల్ కొనండి. బైకు ఇంజనాయిల్ కలపొద్దు. తీరంలో పడవ ఇంజన్లకు వాడే టీసీ-డబ్ల్యూ3 ఆయిల్ నీళ్ళతో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది, గాలితో చల్లబడే చైన్ సా వేడికి అది సరిపోదు.

ఇథనాల్ సంగతి నిజంగా ఆలోచించాల్సిందే. మన బంకుల్లో ఇప్పుడు దొరికేది ఎక్కువగా 20 శాతం ఇథనాల్ కలిసినదే. కిలో పెట్రోల్ కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలే చాలు. అంటే పాత పెట్రోల్‌కు సర్దిన కార్బొరేటర్‌లో ఈ పెట్రోల్ పోస్తే మిశ్రమం పల్చబడినట్టే. పైన చెప్పిన సైలెన్సర్ వైపు గీతలకు ఇదొక అడుగు దగ్గర చేస్తుంది. పాత రబ్బరు పైపులూ త్వరగా ఉబ్బి పగులుతాయి.

ఇంకో ప్రమాదం తేమ. ఇథనాల్ గాలిలో తేమను లాగుతుంది. తేమ మితిమీరితే నీరూ ఇథనాలూ కలిసి ట్యాంకు అడుగుకు దిగిపోతాయి, ఆయిల్ పైనున్న పెట్రోల్‌తో ఉండిపోతుంది. ట్యాంకు ఫిల్టరు ఉండేది అడుగునే. వానాకాలంలో నెలల తరబడి కదలని మిషను తీసి స్టార్ట్ చేయగానే పట్టేయడానికి ఇది ఒక కారణం. మిశ్రమం నెలకు మించి నిల్వ ఉంచకండి, పక్కన పెట్టే మిషను ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడిపి పెట్టండి. మీ మిషను పుస్తకంలో ఇథనాల్ ఎంత శాతం వరకు ఒప్పుకుంటారో చూసి, కార్బొరేటర్‌ను తెలిసినవాళ్ళతో, వీలైతే ఆర్‌పీఎం మీటరు పెట్టి సర్దించుకోండి.

కోస్తుండగా ఠక్కున ఆగిపోయింది, తాడు రావట్లేదు. ఏం చేయాలి?

లాగకండి. అరగంట చల్లారనిచ్చి, ప్లగ్ తీసి మెల్లగా ప్రయత్నించండి. కదిలినా సరే, "పోయింది గండం" అని మళ్ళీ కోతకు దిగొద్దు. సైలెన్సర్ విప్పి చూడాల్సింది అప్పుడే.

కొత్త పిస్టన్ వేశాక మొదటి రోజు ఎలా వాడాలి?

మొదటి మూడు ట్యాంకులు లోడు లేకుండా ఫుల్ రేసు ఇవ్వొద్దు. మామూలుగా కోయండి, మధ్యలో కాసేపు ఐడ్లింగ్‌లో వదలండి. గంటల తరబడి ఐడ్లింగ్‌లోనే నడపడం కూడా మంచిది కాదు, రింగు సరిగ్గా కూర్చోదు.

సైలెన్సర్ పోర్టులో కార్బన్ గడ్డకట్టింది. గీకేయొచ్చా?

గీకాలి. ఆ గడ్డ ఊడి పిస్టన్‌కూ గోడకూ మధ్య పడితే పోర్టు దగ్గర సన్నని గీతలు పెడుతుంది. పిస్టన్‌ను పైకి తెచ్చి స్కర్టుతో పోర్టు మూసి ఉంచండి, అప్పుడు పొడి సిలిండర్‌లోకి పోదు. చెక్క పుల్లతో గానీ గట్టి ప్లాస్టిక్ ముక్కతో గానీ గీకి, మిషనును పోర్టు కిందికి ఉండేలా తిప్పి పొడి రాల్చేయండి. సైలెన్సర్ లోపల నిప్పురవ్వల జాలీ ఉంటే దాన్నీ వైరు బ్రష్షుతో శుభ్రం చేయండి. మూసుకుపోయిన జాలీ ఇంజను వేడిని పెంచుతుంది. సైలెన్సర్ ప్యాకింగ్ చిరిగి ఉంటే కొత్తది వేసి బిగించండి. ఒకసారి నడిపి, వేడెక్కి చల్లారాక ఆ స్క్రూలు మళ్ళీ ఒకసారి బిగించాలి, మొదటి వేడికి అవి వదులవుతాయి.